ఆ మెయిల్ అసలుదా అని ఆ మెయిల్‌నే అడిగితే ఎలా?

సంపాదకుడు గారికి,

పన్ను రిటర్నుల గడువు దగ్గరపడినప్పుడల్లా, పన్ను శాఖ పేరుతో వచ్చే నకిలీ ఈమెయిళ్లను ఎలా గుర్తుపట్టాలో చెబుతూ మీ పత్రికతో సహా దాదాపు అన్ని పత్రికలూ పేజీలో ఒక మూల బాక్సు కట్టి కొన్ని జాగ్రత్తలు ప్రచురిస్తున్నాయి. ఆ ప్రయత్నాన్ని తప్పుపట్టను. అయితే రెండు దశాబ్దాలకు పైగా ఇతరుల రిటర్నులు దాఖలు చేసే పనిలో ఉన్నవాణ్నిగా, ఆ జాగ్రత్తల్లో సగానికి పైగా ఇప్పుడు పనికిరాకుండా పోయాయనీ, కొన్నయితే పాఠకుణ్ని ధీమాగా ఉచ్చులోకి నడిపిస్తున్నాయనీ చెప్పక తప్పడం లేదు. అక్షరదోషాలున్నాయేమో చూడండి, మిమ్మల్ని పేరు పెట్టి సంబోధించారో లేదో చూడండి, శాఖ చిహ్నం సరిగా ఉందో లేదో చూడండి, వెబ్‌సైట్ చిరునామా పక్కన తాళం గుర్తు ఉందో లేదో చూడండి అంటూ ఏళ్ల తరబడి ఇవే నాలుగు మాటలు మళ్లీ మళ్లీ అచ్చవుతున్నాయి. నాలుగింటిలోనూ ఉన్న లోపం ఒక్కటే. మెయిల్ అసలుదో నకిలీదో తేల్చే సాక్ష్యం ఆ మెయిల్‌లోనే దొరుకుతుందని అవి నమ్ముతున్నాయి. అనుమానితుణ్ని నిలబెట్టి ‘నువ్వు దొంగవా’ అని అతణ్నే అడిగి, అతని జవాబును బట్టి తీర్పు చెప్పినట్టుంది ఈ పద్ధతి.

అక్షరదోషాల సంగతి ముందు చూద్దాం. ఒకప్పుడు ఈ మెయిళ్లలో భాష నిజంగానే అడ్డదిడ్డంగా ఉండేది. అదైనా ఎప్పుడూ చేతకానితనమే కాకపోవచ్చునని, లాటరీలూ వారసత్వపు ఆస్తులూ ఎర వేసే మెయిళ్లను పరిశీలించిన మైక్రోసాఫ్ట్ పరిశోధకుడొకరు 2012లోనే వాదించారు. నమ్మశక్యం కానట్టు రాస్తే అనుమానపు మనుషులు మొదట్లోనే తప్పుకుంటారు, మిగిలి జవాబిచ్చేవాళ్లు చివరిదాకా నమ్మేవాళ్లే అవుతారు, కాబట్టి మోసగాడి శ్రమ వృథా కాదు అన్నది ఆయన తర్కం. నెలల తరబడి ఉత్తరాలు నడిపి డబ్బు గుంజే మోసాలకు అది సరిపోతుంది. పన్ను శాఖ పేరుతో వచ్చే మెయిల్‌కు అంత తీరిక అక్కర్లేదు. ఒక్క నొక్కు, ఒక్క పేజీలో నాలుగు వివరాలు, పని పూర్తి. కనుక ఇక్కడ మోసగాడు జాగ్రత్తపరుణ్ని కూడా వదులుకోడు, అతని కోసం భాషను కూడా చక్కదిద్దుకుంటాడు. కృత్రిమ మేధ సాధనాలు చేతికొచ్చాక తెలుగుతో సహా ఏ భాషలోనైనా తప్పుల్లేని ఉత్తరం రాయించుకోవడం ఎవరికైనా నిమిషం పని. నిజం చెప్పాలంటే, అసలు నోటీసుల భాష కంటే నకిలీ మెయిళ్ల భాషే ఇప్పుడు సులువుగా అర్థమవుతోంది.

పేరు పెట్టి పిలిస్తే అసలుది, ‘ప్రియమైన పన్ను చెల్లింపుదారా’ అంటే నకిలీది అన్న సూత్రానికీ కాలం చెల్లింది. పేరు, పుట్టిన తేదీ, ఫోన్ నంబరు, పాన్ నంబరు రహస్యాలని మనం అనుకుంటాం. కానీ అద్దె ఒప్పందానికీ, రుణ దరఖాస్తుకూ, సిమ్ కార్డుకూ, ఉద్యోగంలో చేరేటప్పుడూ ఎవరెవరి చేతుల్లో జిరాక్సు కాగితాలు పెట్టామో మనకే గుర్తుండదు. అవి ఎక్కడ ఏ ఫైల్లో చేరి, ఎక్కడి నుంచి ఎవరికి అందాయో ఎవరూ చెప్పలేరు. మెయిల్‌లో మీ పాన్ నంబరు పొల్లుపోకుండా కనిపించిందంటే, పంపినవాడికి మీ పాన్ తెలుసునని మాత్రమే అర్థం. వాడు అధికారి అని కాదు.

చిహ్నం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. తెర మీద కనిపించే ఏ బొమ్మనైనా నకలు తీసుకోవచ్చు. తాళం గుర్తు మీద మాత్రం కొంత ఆగాలి, ఎందుకంటే చదువుకున్నవాళ్లు ఎక్కువగా మోసపోతున్నది దీని దగ్గరే. ఆ తాళం చెప్పేదల్లా, మీ కంప్యూటరుకూ ఆ వెబ్‌సైట్‌కూ మధ్య సాగే సంభాషణను దారిలో మూడోవాడు చదవలేడని. అవతల కూర్చున్నది ఎవరన్న విషయంలో అది ఏ హామీ ఇవ్వదు. దొంగతో మాట్లాడినా గుట్టుగానే మాట్లాడుతున్నారని దాని భావం. అందుకు కావలసిన ధ్రువపత్రం ఎవరికైనా ఉచితంగా, నిమిషాల్లో దొరుకుతోంది. జనం తాళాన్ని నమ్మకానికి ముద్రగా పొరబడుతున్నారని గ్రహించే, గూగుల్ తన క్రోమ్ బ్రౌజరులో 2023లో ఆ గుర్తునే తీసేసి దాని స్థానంలో వేరే గుర్తు పెట్టింది. మన పత్రికల బాక్సుల్లో మాత్రం ఆ తాళం ఇంకా వేలాడుతూనే ఉంది.

ఇక పంపినవారి చిరునామా. ఈమెయిల్‌ను చేరవేసే నియమావళి 1982లో, ఒకరినొకరు ఎరిగిన కొద్దిమంది వాడుకునే రోజుల్లో రూపుదిద్దుకుంది. పోస్టులో వేసే కవరు మీద ‘పంపువారు’ అన్నచోట ఎవరి పేరైనా రాయవచ్చు కదా, ఆ నియమావళిలోనూ అంతే. రాసిన పేరు నిజమో కాదో పరీక్షించే ఏర్పాటు మొదట్లో లేదు. ఆ లోటును పూడ్చడానికి తరువాత కొన్ని సాంకేతిక కట్టుబాట్లు వచ్చాయి. డీమార్క్ అనే దాన్ని 2012లో ప్రకటించారు. ఒక సంస్థ దాన్ని కట్టుదిట్టంగా అమలు చేస్తే, ఆ సంస్థ డొమైన్ పేరును (చిరునామాలో సంస్థను తెలిపే భాగాన్ని) యథాతథంగా వాడుకుని వచ్చే దొంగ మెయిళ్లను మన మెయిల్ సర్వర్లు గుమ్మం దగ్గరే ఆపేయగలవు. బ్రిటన్ పన్నుల సంస్థ హెచ్‌ఎంఆర్‌సీ ఈ పద్ధతితో 2016లో 30 కోట్ల నకిలీ మెయిళ్లను తగ్గించగలిగినట్టు ప్రకటించింది. అయితే తలుపు మూస్తే దొంగ కిటికీ వెతుక్కుంటాడు. ఇప్పుడు వాడు శాఖ చిరునామాను దొంగిలించడు. తన చిరునామాకే శాఖ పేరు తగిలించుకుంటాడు. ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు అన్న సామెత ఈ మెయిళ్లకు అక్షరాలా సరిపోతుంది. ఫోనులో మెయిల్ తెరిస్తే మనకు కనిపించేది ఆ కస్తూరి ఒక్కటే. పేరు మీద వేలు పెట్టి నొక్కితే తప్ప దాని వెనుక ఉన్న చిరునామా బయటపడదు.

చిరునామా బయటపడ్డాక దాన్ని చదవడం ఒక విద్య. ఇది మాత్రం నేర్చుకోదగ్గదే, నేర్పదగ్గదే. మన పేర్లలో ఇంటిపేరు ముందుంటుంది, సొంత పేరు తరువాత వస్తుంది. ఇంటర్నెట్ చిరునామాలో ఇది తలకిందులు. ఇంటిపేరు చివర ఉంటుంది. మన ఆదాయపు పన్ను శాఖ పోర్టల్ చిరునామా ‘ఇన్‌కమ్‌ట్యాక్స్ డాట్ జీఓవీ డాట్ ఇన్’ అని ముగుస్తుంది. జీఓవీ డాట్ ఇన్ అన్న ఆ ముగింపును ప్రభుత్వ సంస్థలకు తప్ప మరెవరికీ ఇవ్వరు. మోసగాడు దాన్ని కొనలేడు కాబట్టి, అంతటినీ తెచ్చి ముందు పెట్టి చివర తన ఇంటిపేరు చేరుస్తాడు: ‘ఇన్‌కమ్‌ట్యాక్స్ డాట్ జీఓవీ డాట్ ఇన్ డాట్ ఫలానా డాట్ కామ్’. ఎడమ నుంచి చదివే మనిషికి మొదటి మూడు మాటలు కనబడగానే మనసు కుదుటపడుతుంది. ఫోను తెర ఇరుకు కాబట్టి చివరి రెండు మాటలు అసలు కనబడకపోవచ్చు కూడా. లింకు అయితే మొదట్లో ‘హెచ్‌టీటీపీఎస్’ పక్కనుండే జంట గీతలను వదిలేసి, ఆ తరువాత వచ్చే మొదటి ఏటవాలు గీత దగ్గర ఆగి, అక్కడి నుంచి వెనక్కి, అంటే కుడి నుంచి ఎడమకు చదవాలి. ఈమెయిల్ చిరునామా అయితే ‘ఎట్’ గుర్తుకు కుడివైపున ఉన్నదాన్ని చివరి నుంచి చదవాలి. ఇవి కాక చూపును మోసగించే అక్షరాలు వేరే ఉన్నాయి. ఇంగ్లిషు చిన్న అక్షరాల్లో ఆర్, ఎన్ పక్కపక్కన పడితే ఎమ్ లాగా, చిన్న ఎల్ ఒకటి అంకెలాగా కనబడతాయి. రష్యన్ లిపిలోని కొన్ని అక్షరాలు ఇంగ్లిషు అక్షరాలతో కవలల్లా ఉంటాయి.

ఇంత చెప్పీ, చిరునామా సరిగా ఉంటే మెయిల్‌ను నమ్మవచ్చునని నేను అనను. ఎవరిదో నిజమైన మెయిల్ ఖాతాను స్వాధీనం చేసుకుని అందులోంచి పంపితే చిరునామా పరీక్షలన్నీ నెగ్గుతాయి. మాలాంటి సలహాదారుల మెయిల్ ఖాతాలే అందుకు అనువైనవి. మా దగ్గర రిటర్నులు వేయించుకునే ఖాతాదారులతో జరిగిన పాత ఉత్తరప్రత్యుత్తరాల కిందే, వాటికి కొనసాగింపులా, ‘శాఖ నుంచి ఇది వచ్చింది, తెరిచి చూడండి’ అని ఒక్క వాక్యం రాస్తే చాలు. చిరునామా తేడాగా ఉంటే మెయిల్ నకిలీదని తేలుతుంది. సరిగా ఉంటే ఏదీ తేలదు. ఈ తేడాను మన జాగ్రత్తల బాక్సులు ఎప్పుడూ చెప్పలేదు.

మోసగాళ్లు ఆడుకునేది ప్రధానంగా రెండు తీగల మీద. ఒకటి ఆశ, రెండోది భయం. మీకు రిఫండు మంజూరైంది, ఖాతా వివరాలు సరిచూసుకోండి అనేది ఆశ. మీ రిటర్నులో తేడా ఉంది, ఇన్ని గంటల్లో జవాబివ్వకపోతే చర్య తప్పదు అనేది భయం. 2023లో మన దేశంలో విస్తృతంగా తిరిగిన ఒక సందేశాన్ని కేంద్ర ప్రభుత్వ పత్రికా సమాచార కార్యాలయం (పీఐబీ) నిజనిర్ధారణ విభాగం నకిలీదని ప్రకటించింది. ‘మీకు 15,490 రూపాయల రిఫండు మంజూరైంది, ఈ ఖాతా నంబరు సరైనది కాకపోతే కింది లింకులో మార్చుకోండి’ అన్నది దాని సారాంశం. ఆ అంకెను గమనించండి. 15 వేలని రాసి ఉంటే చాలామంది నవ్వుకునేవారు. 15,490 అన్నప్పుడు ఎవరో కూర్చుని లెక్క కట్టినట్టు అనిపిస్తుంది. ఖాతా నంబరు తప్పుగా ఇవ్వడం అంతకంటే తెలివైన పని, ఎందుకంటే తన డబ్బు మరొకరి ఖాతాలోకి పోతోందేమోనన్న కంగారు కలిగిందంటే మనిషి లింకును నొక్కకుండా ఆగలేడు. ఆశనూ భయాన్నీ ఒకే వాక్యంలో కుట్టిన పనితనం అది. సమయం కూడా వాళ్లు చూసుకునే వేస్తారు గాలం. అమెరికాలో ఏప్రిల్ 15, బ్రిటన్‌లో జనవరి 31, మన దగ్గర సాధారణంగా జులై 31 గడువు తేదీలు. వాటికి ముందూ వెనుకా, అందరూ శాఖ కబురు కోసం నిజంగానే ఎదురుచూస్తున్న రోజుల్లో, ఈ మెయిళ్లు ముమ్మరమవుతాయి.

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి, ఎందుకంటే అది పత్రికలు ఎన్నడూ ప్రస్తావించని రెండో వైపు. కొన్నేళ్ల కిందట ఒక ఖాతాదారుకు ఆయన రిటర్నులో లోపం ఉందని మెయిల్ వచ్చింది. ఆయన చదువరి, జాగ్రత్తపరుడు. అటాచ్‌మెంటు ఉంది, గడువు పెట్టి తొందర పెడుతోంది, భాష కటువుగా ఉంది, కాబట్టి ఇది నకిలీ అని తేల్చుకుని చెత్తబుట్టలో పడేశారు. అది అసలు నోటీసు. అలాంటి నోటీసుకు 15 రోజుల్లో జవాబివ్వాలి. ఇవ్వకపోతే ఆ రిటర్ను చెల్లనిదైపోతుంది, అసలు దాఖలే చేయనట్టు లెక్క. ఆయనకు అదే జరిగింది. విషయం నా దాకా వచ్చేసరికి గడువు దాటి రెండు నెలలైంది. పత్రికల్లో చెప్పిన గుర్తులన్నీ చూసే తాను ఆ నిర్ణయానికి వచ్చానని ఆయన అన్నప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఆయన చెప్పింది నిజమే. తొందరపెట్టడం, బెదిరించడం, గడువు విధించడం మోసగాళ్ల లక్షణాలే. అవే పన్ను శాఖల లక్షణాలు కూడా.

అందువల్ల నేను ఆ తరువాత ఎవరికీ ‘ఈ మెయిల్ నమ్మవచ్చు’ అనీ, ‘నమ్మకండి’ అనీ చెప్పడం మానుకున్నాను. మెయిల్‌ను ఒక పుకారులా చూడమంటున్నాను. ఊళ్లో ఏదో అనుకుంటున్నారని తెలిస్తే ఆ అనుకునేవాళ్లనే గుచ్చి గుచ్చి అడగం, సంబంధించిన ఇంటికి వెళ్లి కనుక్కుంటాం. ఇదీ అంతే. మెయిల్‌ను మూసేసి, బ్రౌజరులో పోర్టల్ చిరునామాను సొంతంగా టైపు చేసి, అందులోకి ప్రవేశించి చూసుకోవాలి. ఆ చిరునామాను ముందే ఒక బుక్‌మార్కుగా దాచుకుంటే ఇంకా మంచిది, ఎందుకంటే సెర్చిలో వెతికితే పైన కనబడే ప్రకటనల్లోనూ నకిలీ సైట్లు దూరుతుంటాయి. నిజంగా నోటీసు ఉంటే అది మీ ఖాతాలో, పెండింగ్ పనుల కింద, కనబడుతుంది. రిఫండు సంగతీ అక్కడే తెలుస్తుంది. దీనికి పట్టేది ఐదు నిమిషాలు. మెయిల్‌లోని కామాలూ చుక్కలూ పరీక్షించడానికి అంతకంటే ఎక్కువే పడుతుంది.

మన దేశంలో దీనికి మరో మంచి సదుపాయం ఉంది, అది తెలిసినవారు నాకు ఎక్కువమంది తగల్లేదు. కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు 2019 ఆగస్టులో ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి ఆదాయపు పన్ను శాఖ జారీ చేసే ప్రతి నోటీసు మీదా, ఉత్తర్వు మీదా కంప్యూటరు కేటాయించే ఒక పత్ర గుర్తింపు సంఖ్య ఉండాలి. దాన్ని క్లుప్తంగా ‘డిన్’ అంటారు. ప్రత్యేకంగా పేర్కొన్న కొన్ని సందర్భాల్లో తప్ప, అది లేని పత్రం చెల్లదని, అసలు జారీయే కానట్టు భావించాలని ఆ ఉత్తర్వు చెబుతోంది. పోర్టల్ మొదటి పేజీలోనే, లాగిన్ కానవసరం లేకుండా, ఆ సంఖ్యను ఇచ్చి పత్రం శాఖదేనా కాదా అని సరిచూసుకోవచ్చు. అయితే ఇక్కడా పాత పొరపాటే జరిగే ప్రమాదం ఉంది. మెయిల్ మీద పొడుగాటి సంఖ్య ఒకటి ఉంది కాబట్టి అసలుదే అనుకునేవారు ఉంటారు. సంఖ్యలు అచ్చు వేయడం మోసగాడికీ చేతనవును. సంఖ్య ఉండటం సాక్ష్యం కాదు, దాన్ని పోర్టల్‌లో వేసి చూసినప్పుడు వచ్చే జవాబే సాక్ష్యం.

మెయిల్‌లోంచే ఏదైనా గ్రహించాలని పట్టుబట్టేవారికి ఒక్క ప్రశ్న సూచిస్తాను. ఇది నా దగ్గర ఏమి అడుగుతోంది? మీ ఖాతాలో డబ్బు వేయడానికి మీ కార్డు వెనకనున్న మూడంకెలు ఎవరికీ అక్కర్లేదు. పిన్ అక్కర్లేదు, ఓటీపీ అక్కర్లేదు, నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డ్ అసలే అక్కర్లేదు. ఇవన్నీ డబ్బు తీసుకోవడానికి పనికొచ్చేవి. మన శాఖ రిఫండును పోర్టల్‌లో మీరు ముందే ధ్రువీకరించుకున్న బ్యాంకు ఖాతాకే పంపుతుంది, కాబట్టి ఖాతా నంబరును మెయిల్ ద్వారా అడగవలసిన అవసరమే దానికి రాదు. అమెరికా పన్నుల సంస్థ ఐఆర్‌ఎస్ కూడా వ్యక్తిగత, ఆర్థిక వివరాలు కోరుతూ తానై ఈమెయిల్ పంపి సంప్రదించనని, తొలి సంప్రదింపు సాధారణంగా తపాలా ద్వారానే ఉంటుందని ఏళ్లుగా చెబుతోంది. గిఫ్టు కార్డుల రూపంలో పన్ను కట్టించుకునే ప్రభుత్వం ఈ భూమ్మీద లేదు. ఈ మాట హాస్యంగా తోచవచ్చు గాని, 2016 అక్టోబరులో ఠాణే పోలీసులు ముంబయి దగ్గరి మీరా రోడ్డులోని కాల్ సెంటర్ల మీద దాడి చేసి వందలమందిని అదుపులోకి తీసుకున్నప్పుడు బయటపడింది సరిగ్గా అదే. ఐఆర్‌ఎస్ అధికారులమని చెప్పుకుని అమెరికన్లకు ఫోన్లు చేసి, అరెస్టు భయం పెట్టి, గిఫ్టు కార్డులు కొనిపించి వాటి సంఖ్యలు రాబట్టేవారు. అక్కడ ఫోను, ఇక్కడ మెయిల్. భయపెట్టి వివరం గుంజడంలో తేడా లేదు.

వివరాలు పోతే పోయాయి, నా ఖాతాలో అంత డబ్బేమీ లేదు కదా అనేవారు ఉంటారు. వారి కోసం బ్రిటన్ ఉదంతం. ఫిషింగ్ (ఇలా నకిలీ మెయిళ్లతో వివరాలు రాబట్టడం) ద్వారానో ఇతర మార్గాల్లోనో సంపాదించిన ప్రజల వ్యక్తిగత వివరాలతో నేరగాళ్లు దాదాపు లక్షమంది పేర్ల మీద ఉన్న ఆన్‌లైన్ పన్ను ఖాతాల్లోకి చొరబడి, లేదా వారి పేర్లతో కొత్త ఖాతాలు తెరిచి, దొంగ రిఫండు క్లెయిములతో 4 కోట్ల 70 లక్షల పౌండ్లు కాజేశారని 2025 జూన్‌లో హెచ్‌ఎంఆర్‌సీ అక్కడి పార్లమెంటు కమిటీకి తెలిపింది. పోయిన సొమ్ము ఖజానాది, వాడుకున్న పేర్లు జనానివి. అంటే మోసగాడికి మీ డబ్బే కావాలని లేదు. పన్ను శాఖ ముందు మీరుగా నిలబడగలిగితే చాలు. మన పోర్టల్‌లో లాగిన్‌కు అదనపు రక్షణ పెట్టుకునే ‘ఈ-ఫైలింగ్ వాల్ట్’ అనే ఏర్పాటు ఉన్నది ఇందుకోసమే. దాన్ని వాడుకుంటున్న ఖాతాదారులు మాత్రం నాకు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే.

లింకులు లేని మెయిళ్లు కూడా క్షేమమేమీ కాదు. నోటీసు జతపరిచామంటూ వచ్చే ఫైలు కాగితం బొమ్మ వేసుకున్న ప్రోగ్రాము కావచ్చు. విండోస్ సాధారణంగా ఫైలు పేరు చివరి భాగాన్ని దాచిపెడుతుంది కాబట్టి ‘పీడీఎఫ్ డాట్ ఈఎక్స్ఈ’ (ఈఎక్స్ఈ అన్నది ప్రోగ్రాముకు గుర్తు) అన్న పేరు ‘పీడీఎఫ్’గానే కనబడుతుంది. ఫోనులో యాప్ వేసుకోమనడం మరో పద్ధతి. ఆదాయపు పన్ను శాఖ సైట్‌ను పోలిన పేజీకి తీసుకెళ్లి, ‘డ్రినిక్’ అనే హానికర యాప్‌ను జనం ఫోన్లలో ఎక్కిస్తున్నారని, 27కు పైగా బ్యాంకుల ఖాతాదారులు దాని గురిలో ఉన్నారని 2021 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వ కంప్యూటరు భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ హెచ్చరించింది. అక్కడ ఎర మెయిల్ కాదు, ఎస్సెమ్మెస్. ఈమధ్య లింకు బదులు క్యూఆర్ కోడ్ పెడుతున్నారు. బొమ్మలో దాగిన చిరునామాను మనిషి చదవలేడు, మెయిల్ వడపోతలకూ అది కష్టమే, పైగా దాన్ని స్కాన్ చేసేది సరిగ్గా చిరునామా కనబడని ఫోనుతోనే.

ఈ వ్యవహారంలో తప్పంతా జనానిదేనన్నట్టు రాయడం నాకు సమ్మతం కాదు. శాఖ తాను పంపే అసలు సమాచార పత్రాలను అటాచ్‌మెంట్లుగా పంపుతుంది. వాటిని పాన్ నంబరు, పుట్టిన తేదీ కలిపిన పాస్‌వర్డ్‌తో తెరవమంటుంది. అటాచ్‌మెంటు తెరవవద్దని ఒక చేత్తో, తెరవమని మరో చేత్తో చెబితే సామాన్యుడు ఏ చేతిని పట్టుకోవాలి? ‘మీ ఖాతాలో ఒక పత్రం ఉంది, లాగినై చూసుకోండి’ అన్న ఒక్క వాక్యంతో, లింకూ జతా ఏమీ లేకుండా మెయిల్ పంపడం శాఖకు కష్టం కాదు. అప్పుడు లింకు ఉన్న ప్రతి మెయిలూ దానంతటదే దొంగదని తేలిపోతుంది. మా వృత్తిలోని వాళ్ల తప్పు కూడా ఒప్పుకోవాలి. సౌలభ్యం కోసం ఖాతాదారు ఈమెయిల్ బదులు మా ఈమెయిల్‌నే పోర్టల్‌లో నమోదు చేసే అలవాటు మాలో చాలామందికి ఉంది. ఫలితంగా అసలు మెయిళ్లన్నీ మా దగ్గరికి వస్తాయి, ఆ మనిషి జీవితంలో ఒక్క అసలు మెయిల్ కూడా చూసి ఉండడు. నకిలీది మొదటిసారి వచ్చినప్పుడు పోల్చుకోవడానికి అతని దగ్గర ఏమీ ఉండదు. పోర్టల్‌లో తమ పేరు కింద ఏ ఈమెయిల్, ఏ ఫోను నంబరు ఉన్నాయో ప్రతివారూ ఒకసారి చూసుకోవాలి. అక్కడ నమోదు కాని ఇన్‌బాక్సుకు శాఖ పేరుతో మెయిల్ వచ్చిందంటే దాన్ని మరింత అనుమానించాలి.

పొరపాటున వివరాలు ఇచ్చేసినవారు సిగ్గుపడి దాచుకోవడం వల్ల జరిగే నష్టం మొదటి నష్టం కంటే పెద్దది. బ్యాంకుకు వెంటనే చెప్పాలి, వేరే పరికరం నుంచి పాస్‌వర్డులు మార్చాలి, డబ్బు పోయి ఉంటే సైబర్ మోసాల ఫిర్యాదులకు ఉన్న 1930 నంబరుకు ఫోను చేయాలి. దారిలో ఉన్న డబ్బును బ్యాంకుల దగ్గర నిలిపివేయించే ఏర్పాటు ఆ నంబరు వెనుక ఉంది, అందుకే అక్కడ గంటలు కూడా లెక్కలోకి వస్తాయి. నకిలీ మెయిల్‌కు జవాబు రాయకూడదు, తిట్టడానికైనా సరే. ఈ ఇన్‌బాక్సులో ఒక మనిషి ఉన్నాడని ఆ తిట్టు చెబుతుంది.

చివరగా మీకు ఒక విన్నపం. వచ్చే రిటర్నుల కాలంలో మీరు ప్రచురించబోయే బాక్సులో అక్షరదోషాలనూ తాళం గుర్తునూ తీసేసి, ఆ జాగాలో పోర్టల్ చిరునామాను పెద్ద అక్షరాల్లో వేయండి, ‘డిన్’ను ఎక్కడ సరిచూసుకోవాలో రాయండి, అసలు నోటీసును చెత్తబుట్టలో వేస్తే ఏమవుతుందో కూడా రాయండి. నకిలీ మెయిల్ నమూనాను ఫొటోగా వేసేటప్పుడు అందులోని లింకునూ, క్యూఆర్ కోడ్‌నూ చెరిపి వేయండి. నిరుడు ఒక పత్రిక అలాంటి ఫొటోను చెరపకుండానే వేసింది. కాగితం మీద కోడ్ ఎంత స్పష్టంగా వచ్చిందంటే, వార్త చదువుతున్న మా ఇంట్లోని పిల్ల ఏముందో చూద్దామని అప్పటికే ఫోను తీసి దాని మీద పట్టుకుంది.

భవదీయుడు,
ఒక పన్ను సలహాదారు